తడిస్తే కనబడే గోడ

బజారువీధిలోకి ఎటు నుంచి వచ్చినవారినైనా ఒకప్పుడు ముందుగా పలకరించేది మేస్త్రి చేతిరాతే. మందుల షాపు మీద ఆకుపచ్చ అక్షరాలు, కళ్ళజోళ్ళ షాపు మీద నీలం అక్షరాలు, దర్జీ గుమ్మం మీద కత్తెర బొమ్మ, దాని నోట్లో ఇరుక్కున్నట్టుగా యజమాని పేరు, ఇవన్నీ అతని కుంచె కింద పుట్టినవే. అతన్ని మాత్రం పేరు పెట్టి పిలిచినవారు లేరు. అత్తవారింట్లో కూడా ‘బోర్డుల మేస్త్రి’ అనే అనేవారు. ఊరందరి పేర్లూ రాసేవాడికి సొంత పేరు రాసుకునే తీరిక ఎక్కడిదని అతనే నవ్వేవాడు.

అయితే ఆ రాత అతనొక్కడిదే కాదు. గీత ఒకరిది, నింపడం మరొకరిది. గీసేవాడు బావ, మేస్త్రి భార్యకు తోడబుట్టిన అన్న. సుద్ద రాసిన దారాన్ని గోడకు అడ్డంగా బిగించి, నడుమ వేలితో లాగి వదిలితే తెల్లని గీత ఒకటి పడేది. ఆ గీత మీద బావ బొగ్గుముక్కతో అక్షరాల రూపు కట్టేవాడు. వెనకనే మేస్త్రి రంగు నింపుకుంటూ పోయేవాడు. బావ గీసిన బోర్డుకు ఒక గుర్తుండేది. చివరి అక్షరం తలకట్టును అందరిలా ముగించక, కొసను కాస్త పైకి లేపి వదిలేవాడు. పరాచికమాడే మనిషి ఒక కనుబొమ ఎగరేసినట్టుండేది అది.

“మన రాత చూసి ఊరు నవ్వకముందే, ఊరిని చూసి మన రాత నవ్వాలి బావా,” అనేవాడు.

నిచ్చెన ఎక్కే ముందు పైనున్న చూరునో సన్‌షేడునో చూపించి, “తల జాగ్రత్త బావా, లోపలేమీ లేకపోయినా పైకి బొప్పి కడుతుంది,” అనేవాడు. ఈ మాట అనకుండా అతను నిచ్చెన పట్టుకున్న రోజు లేదు.

ఎనామిల్ రంగునూ టర్పెంటైన్ ఆవిరినీ పొద్దంతా పీల్చిన తల సాయంత్రానికి బండరాయిలా బరువెక్కుతుంది. ఆ బరువు దించే ఔషధంగానే మద్యం వారిద్దరి నడుమకు వచ్చింది. ఔషధం కొన్నాళ్ళకు మర్యాద అయింది. మర్యాద కొన్నేళ్ళకు ఆకలి అయింది. ఏ రంగులో ఏ రంగు ఎంత పాలు కలపాలో తెలిసిన చేతికి గ్లాసు దగ్గర మాత్రం మితం తెలియలేదు. అగ్నికి నెయ్యి పోసి ఆర్పాలనుకునేవాడి వివేకం ఎటువంటిదో వారి వివేకమూ అటువంటిదే. నిచ్చెన మీద ఉన్నంతసేపే మనిషి ఎత్తులో ఉంటాడనీ, దిగగానే మళ్ళీ ఎక్కాలంటే మార్గమిదొక్కటేననీ బావ సిద్ధాంతం చెప్పేవాడు. ఆ సిద్ధాంతానికి మేస్త్రి శిష్యుడు.

బావ చివరి రోజుల్లో ఆసుపత్రి మంచం మీద పసుపు పచ్చని కళ్ళతో పడుకుని, దుప్పటి మీద వేలితో ఏదో గీస్తూ ఉండేవాడు. మంచం పక్కన కూర్చున్న చెల్లెలు ఆ వేలినే చూస్తూ ఉండేది. ఒక ఉదయం గీత సగంలో ఆగిపోయింది.

ఆ తరువాత ఊళ్లో బోర్డులూ ఒక్కొక్కటే కనుమరుగయ్యాయి. వాటి చోట ఫ్లెక్సీలు వచ్చాయి. మేస్త్రి ఇనుప గేట్లకూ కిటికీ ఊచలకూ రంగు వేసే పనిలోకి దిగాడు. ఆ పనికి గీత అక్కర్లేదు, చేయి వణికినా కనబడదు. సాయంత్రం కాగానే ఒక్కడే తాగేవాడు.

ఒక్కడే అనడం పూర్తిగా నిజం కాదు. జీవుడి హృదయంలో ఈశ్వరుడు సాక్షిగా కూర్చుని ఉంటాడని పెద్దలు చెబుతారు. మేస్త్రి హృదయంలో ఆ పీట మీద బావ కూర్చున్నాడు. గడ్డం గీసుకునే అద్దంలో, కుంచె కడిగిన నీళ్ళలో, తలుపు వేసిన గదిలో ఆ గొంతు వినబడేది. అది భయపెట్టే గొంతు కాదు. భయపెట్టి ఉంటే పారిపోయేవాడే. అది నవ్వించే గొంతు.

“ఏం బావా, మొహం అంతలా వేలాడేశావు? గేటుకి రంగేశావా, గేటే నీకు రంగేసిందా? పద, ఒక్కటి వేసుకుని మాట్లాడుకుందాం.”

ఆ ఒక్కటి ఎన్నడూ ఒక్కటిగా ఉండేది కాదు.

కడుపులో నొప్పి మొదలైనాక డాక్టరు మేస్త్రిని పరీక్షించి, కళ్ళజోడు తీసి, మెల్లగా చెప్పాడు. “మీ బావగారికి వైద్యం చేసింది కూడా నేనే. ఆయనకి చెప్పాల్సిన మాట ఆలస్యంగా చెప్పాను. మీకు ముందే చెబుతున్నాను. ఇక మీదట మీరు తాగితే, ఆ మంచం మీదికే వస్తారు.”

మేస్త్రి మందులు వాడాడు. మానేశాడు. మళ్ళీ తాగాడు. మళ్ళీ మానేశాడు. అలా మానేసిన రోజుల్లో గొంతు మరింత దగ్గరగా వినబడేది.

భార్య బట్టల కుట్టుబడి చేసే చోట పని చేసేది. అక్కడ కాజాలు కుట్టే ఒక ఆవిడ ద్వారా ఆమెకొక సంగతి తెలిసింది. తాగుడు మానదలచినవారంతా ఆదివారం సాయంత్రం ఒకచోట కూడి కూర్చుంటారని, ఆ కాజాల ఆవిడ భర్త కూడా అక్కడికి పోయే బాగుపడ్డాడని. ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ ఆమె ఈ మాట చెప్పింది.

“పాత ప్రింటింగ్ ప్రెస్సు వెనక సందులోనట. చెప్పులు కుట్టే అతన్ని దాటాక, ఎడమ చేతి వైపు. బోర్డు మాత్రం ఉండదట.”

“బోర్డు లేనిది ఒక చోటేనా?” అన్నాడు మేస్త్రి. అతని వృత్తి గౌరవం ఇంకా చావలేదు. “బోర్డు పెట్టుకునే ధైర్యం లేనివాళ్ళు నన్నేం బాగుచేస్తారే?”

“మీరు రాసిన సారా బోర్డులు చూసే కదా ఊరంతా తాగింది. ఒక్కచోట లేకపోతే వచ్చిన నష్టమేం లేదు.”

ఆమె ఎదురుగా కూర్చుంది.

“చూడండి. ఒక మంచం పక్కన కూర్చున్నాను. ఇంకో మంచం పక్కన కూర్చునే ఓపిక నాకు లేదు. అన్నయ్య ఉన్నప్పుడు ఇలాంటి చోటొకటుందని నాకు తెలీదు. తెలిసుంటే చెవి పట్టుకుని లాక్కుపోయేదాన్ని. మీ విషయంలో తెలిసింది. మీరే పోవాలి, నేను లాక్కుపోను.”

మొదటి ఆదివారం మేస్త్రి పోయాడు. ప్రెస్సు కూల్చేసి ఉంది, ఆ చోట ఎత్తయిన కొత్త కట్టడం లేచింది. దాని వెనక సందు ఇరుకైనది. చెప్పులు కుట్టే అతను కనబడ్డాడు. తరువాత సున్నం కొట్టిన పొడవాటి గోడ, గోడ చివర సగం ఎత్తిన ఇనుప షట్టరు, గోడకెదురుగా ఒక సన్‌షేడు కింద ప్లాస్టిక్ కుర్చీలో ఊరికే కూర్చున్న ఒక మనిషి. మేస్త్రి ఆ మనిషి ముందు నుంచే పలుమార్లు ఇటూ అటూ తిరిగాడు. జీవితమంతా తలెత్తి గుమ్మాల పైభాగం చూసిన కళ్ళకు గుమ్మం కింద ఏముందో కనబడదు. నోరు విప్పి అడిగితే దొరికేది. అడగడమంటే తాగుబోతునని చెప్పుకోవడమే. ఇంటికి వచ్చి, “లేదే అక్కడ ఏదీ,” అన్నాడు. భార్య అతని ముఖం దగ్గర వాసన చూసి, మందు వాసన లేకపోవడంతో, “మళ్ళీ ఆదివారం వస్తుంది లెండి,” అంది.

మరుసటి ఆదివారం మధ్యాహ్నం పెద్ద వాన పడింది. తెరపి ఇచ్చాక మేస్త్రి ఆ సందులోకి వెళ్ళాడు. గోడ ముందుకు రాగానే అతని కాళ్ళు నిలిచిపోయాయి.

సున్నానికొక గుణం ఉంది. ఎండినప్పుడు పాలలా తెల్లగా, గంభీరంగా, దాచవలసినదంతా దాచుకుని ఉంటుంది. తడిసిందా, అద్దమవుతుంది. అడుగున ఉన్నదంతా పైకి తేలుతుంది. దారిన పోయేవారు చూస్తే అది చెమ్మ మరక. మేస్త్రి చూశాడు. మరకలో ఎర్రని నిలువు గీత తేలింది, దాని పక్కన సున్నా చుట్టు తేలింది, ఆ పైన కొమ్ము తేలింది. మెల్లమెల్లగా గోడ పొడవునా మనిషెత్తు అక్షరాలు లేచి నిలబడ్డాయి. అదొక సారా దుకాణం పేరు. చివరి అక్షరం తలకట్టు కొస పైకి లేచి ఉంది.

అప్పుడు గుర్తుకొచ్చింది. ఆ రోజుల్లో ఆ దుకాణం ముఖం పెద్దరోడ్డు వైపుండేది. కొత్త కట్టడం ప్రెస్సుతో పాటు దుకాణం ముందు భాగాన్నీ మింగేసి, వీపు భాగమే సందులో మిగిల్చింది. కూలికి బదులు సరుకే ఇమ్మని బావ బేరమాడి, పక్కగోడ కూడా ఉచితంగా రాసిన చోటు అది.

“వచ్చావా బావా?” అంది గొంతు. “దారి తప్పుతావేమో అనుకున్నాను. నీ కాళ్ళు నీకంటే తెలివైనవి.”

మేస్త్రికి ఒళ్ళు గగుర్పొడిచింది. మానే చోటు వెతుక్కుంటూ వచ్చిన తనను బావే చేయి పట్టి తాగే చోటికి నడిపించాడనుకున్నాడు. ఆ సగం ఎత్తిన షట్టరు వెనక దొంగచాటుగా ఇంకా అమ్మకం సాగుతోందనుకున్నాడు. వేరెవరైనా తలుపు చూసేవారు, లోపలి మాటలు వినేవారు, కుర్చీలో మనిషిని అడిగేవారు. అతను గోడ మీది రాతను నమ్మాడు. రాసినవాడే రాతను నమ్మకపోతే ఎలా?

కుర్చీలో మనిషి లేవబోతుండగానే వెనుదిరిగి వేగంగా నడిచాడు. నడిచి నడిచి బజారు చివరి మద్యం షాపు ముందు వరసలో నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డావని అడిగితే చెప్పలేకపోయేవాడు. నూతి నుంచి పారిపోతున్నవాడు నదిలో దూకినట్టయింది. ముందున్నవారు ఒక్కొక్కరే కదులుతున్నారు. మేస్త్రి బావ మాట కోసం చెవి ఒగ్గాడు. ఇటువంటి చోట గొంతు ఎప్పుడూ కచేరీ పెడుతుంది. ఆ రోజు పెట్టలేదు.

“బావా,” అన్నాడు మెల్లగా.

ముందున్న మనిషి వెనక్కి తిరిగి, “నేను నీకెప్పటి బావనయ్యా?” అని మళ్ళీ అటు తిరిగాడు.

మేస్త్రి తలెత్తి షాపు బోర్డు చూశాడు. ఫ్లెక్సీ. నునుపైన అక్షరాలు. గీసిన చెయ్యి లేదు, నింపిన చెయ్యి లేదు, ఏ తలకట్టూ ఎవరినీ చూసి నవ్వడం లేదు. ఇక్కడ కొనుక్కున్నది ఎవరితో కూర్చుని తాగాలి? ఈ ప్రశ్న అతనికి అంతకుముందు తట్టలేదు. ఇన్నేళ్ళుగా తాను తాగింది మద్యం కోసం కాదనీ, ఆ గొంతు కోసమనీ ఆ వరసలో నిలబడి ఉండగా తెలిసింది. తెలిసినందువల్ల దాహం తగ్గలేదు. నాలుక అలాగే పిడచగట్టి ఉంది. అయినా వరస వదిలి, గోడ ఆరిపోకముందే చూడాలని ఆత్రంగా సందులోకి తిరిగి వచ్చాడు. వివేకం వల్ల కాదు, వైరాగ్యం వల్ల కాదు. బావ మీద బెంగతో.

అక్షరాలు సగం ఆరిపోయాయి. చివరిది మాత్రం ఇంకా తడిగా ఉంది. అతను దాని ముందు నిలబడ్డాడు.

ఎదుటి కుర్చీలోని మనిషి లేచి దగ్గరికి వచ్చాడు. ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. బస్సు డ్రైవరు.

“ఎవరి కోసం అన్నా?”

“మా బావ కోసం,” అన్నాడు మేస్త్రి, గోడ మీంచి కళ్ళు తీయకుండా.

“లోపలున్నారేమో. రండి, చూద్దాం.”

డ్రైవరు అతని భుజం మీద చేయి వేశాడు. షట్టరు సగమే లేస్తుంది, తల వంచనివాడికి లోపలికి దారి లేదు. మేస్త్రి వంగాడు. లోపల సారా లేదు, సీసాల వాసన లేదు. గుండ్రంగా వేసిన కుర్చీలు, మూలన టీ ఫ్లాస్కు, గోడకు నడవని గడియారం. కొందరు మగవాళ్ళు, ఇద్దరు ఆడవాళ్ళు. మేస్త్రి ఒక్కొక్క ముఖమే వెతికాడు. నిజంగానే వెతికాడు.

“ఈయన వాళ్ళ బావగారి కోసం వచ్చారు టీచరమ్మా,” అన్నాడు డ్రైవరు.

మధ్యనున్న పెద్దావిడ ఒకప్పుడు బడిలో పాఠాలు చెప్పింది, ఒకప్పుడు బీరువాలో చీరల మడతల వెనక సీసా దాచుకుంది. రెండూ దాచకుండా చెబుతుంది. “ఎలా ఉంటారు మీ బావగారు?” అని అడిగింది.

“పొడుగ్గా. నవ్వుతూ ఉంటాడు.” మేస్త్రి ఆగాడు. “పోయాడమ్మా. చాలా ఏళ్ళయింది.”

ఎవరూ నవ్వలేదు, ఎవరూ నిట్టూర్చలేదు. డ్రైవరు తన తువ్వాలు తీసి మళ్ళీ వేసుకున్నాడు.

“ఇక్కడికి ఎవరూ ఒంటరిగా రారు నాయనా,” అంది టీచరమ్మ. “ప్రతివాళ్ళ వెంటా ఎవరో ఒకరు ఉంటారు. మా ఆయన నా వెంట ఇప్పటికీ వస్తారు, ఆయనకి నా మీద కోపం ఇంకా పోలేదు. కూర్చోండి. ఆయన్నీ కూర్చోమనండి.”

మేస్త్రి కూర్చున్నాడు. ఆ రోజు ఏమీ చెప్పలేదు, అడిగినవారూ లేరు. టీ మాత్రం తాగాడు, గ్లాసు రెండు చేతులతో పట్టుకుని.

వెళ్ళేటప్పుడు డ్రైవరు ఆ కుర్చీ సంగతి చెప్పాడు. బోర్డు లేని ఆ చోటికి కుర్చీయే బోర్డు. అందరికంటే కొత్తగా వచ్చినవాడే బయట కూర్చోవాలి. తరువాతివాడు వచ్చేదాకా అతనిదే ఆ చోటు. వెతుక్కునేవాడి తడబాటును నిన్నమొన్న వెతుక్కున్నవాడే ఆనవాలు పట్టగలడని వారి నమ్మకం.

“పోయిన వారం మీరు ఇటూ అటూ తిరుగుతుంటే చూశాను,” అన్నాడు డ్రైవరు. “పిలవకూడదు, మనిషి ఆగాలి. అది మా పద్ధతి. ఈ గది అద్దెకి ఎవరూ రాకపోతే మాకిచ్చారన్నా. మాలో సగం మందికి ఇది పాత చుట్టాలిల్లే. నేనైతే ఇదే గోడకి ఆనుకుని నిద్రపోయేవాణ్ణి. ఆ రాత మాత్రం ఎప్పుడూ కనబళ్ళేదు.”

“నువ్వు కళ్ళు తెరిచి ఆనుకోలేదు తమ్ముడూ,” అన్నాడు మేస్త్రి. తన నోట ఎగతాళి వచ్చి చాలా కాలమైందని అతనికే అనిపించింది.

ఇంటికి పోయి భార్యకు అంతా చెప్పాడు. గోడ సంగతి కూడా. ఆమె చేతిలో సూది ఆగింది. మరుసటి ఆదివారం వాన లేదు. ఆమె అతని వెంట సందులోకి వచ్చి, చెప్పులు కుట్టే అతని దగ్గరున్న బకెట్టులోంచి చెంబుతో నీళ్ళు తెచ్చి, గోడ చివర గట్టిగా కొట్టింది. కాసేపు తెలుపే. తరువాత ఎరుపు ఊరింది, గాయం ఊరినట్టు. పైకి లేచిన తలకట్టు కనబడింది. ఆసుపత్రి దుప్పటి మీద సగంలో ఆగిన గీత ఏమిటో ఆమెకు ఆ క్షణాన అర్థమైంది. అరచెయ్యి దాని మీద ఆనించి, “అన్నయ్యా,” అంది. ఏడవలేదు. చెయ్యి తీసినప్పుడు అరచేతికి సున్నం అంటింది, రంగు అంటలేదు.

షట్టరు దగ్గర నిలబడిన టీచరమ్మ అడిగింది. “మేస్త్రీ, దీన్ని కనబడకుండా చెయ్యొచ్చా? కొందరికి మంచిది కాదేమో.”

చెయ్యవచ్చు. పాత సున్నం గీకి, ఎరుపు మీద లక్కపూత వేసి, ఆ పైన తెలుపు వేస్తే ఎంత తడిసినా తేలదు. ఆ విద్య అతనికి తెలుసు. భార్య ముఖం చూశాడు. ఆమె కొంగుతో చెయ్యి తుడుచుకుంటోంది.

“చేస్తానమ్మా,” అన్నాడు. “కొన్నాళ్ళు ఆగండి.”

అప్పటి నుంచి ఆ కుర్చీ మేస్త్రిది. ఆదివారాలు గడిచాయి. కొత్తవారెవరూ రాలేదు. లోపలి మాటలు షట్టరు కింద నుంచి పారే నీళ్ళలా సందులోకి వచ్చేవి. అతను గోడకెదురుగా కూర్చుని వినేవాడు. తాగలేదు. ఇక తాగడని అతనితో సహా ఎవరూ అనలేదు. లక్క కొనలేదు కూడా. లోపలికి వచ్చి కూర్చోరాదా అని డ్రైవరు ఒకసారి మొహమాటంగా అడిగితే, “పద్ధతి మీదే కదా తమ్ముడూ,” అన్నాడు. నిజానికి అతనికి ఆ కుర్చీ వదలాలని లేదు. అంతలోతున దాగిన ఈ సంగతిని భార్య మాత్రం పసిగట్టింది. వాన మబ్బు పట్టిన ఆదివారాల్లో అతను ముందుగానే బయలుదేరేవాడు.

అటువంటి ఒక ఆదివారం సన్నని వాన మొదలైంది. సన్‌షేడు అంచు నుంచి నీళ్ళు దారాల్లా కారుతున్నాయి. ఎదుట అక్షరాలు ఒక్కొక్కటే లేచాయి.

“బావా, బజారు చివర షాపు తెరిచే ఉంది,” అంది గొంతు.

“తెలుసు. అక్కడ నువ్వుండవు.”

“తెచ్చుకుని ఇక్కడే కూర్చో. నేనుంటాను.”

ఆ మాటలో ఉన్న సుఖం మేస్త్రికి ఎముక ఎముకనా తెలుసు. కుర్చీ చేతులు గట్టిగా పట్టుకున్నాడు.

“నువ్వే లోపలికి రా బావా. టీచరమ్మ రమ్మంది.”

“నాకేం పని అక్కడ? మీరంతా ఇంకా మానుతూ ఉన్నారు. నేను మానేశాను. నా అంత గట్టిగా మానేసినవాడు మీలో ఒక్కడున్నాడా?”

మేస్త్రి నవ్వాడు. నవ్వుతూ ఉండగానే కళ్ళు నిండాయి.

అప్పుడు సందు మొదట ఒక మనిషి ఆగాడు. గొడుగు లేదు. చెప్పులు కుట్టే అతన్ని దాటి, తలెత్తి గుమ్మాల పైన చూసుకుంటూ వచ్చాడు, గోడ దాటి పోయాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. ఆ నడక మేస్త్రికి తెలుసు. ఆ మనిషిని లోపలికి తీసుకుపోతే ఈ కుర్చీ ఇక తనది కాదు. ఈ గోడకెదురుగా ఈ చోటు అతనిదవుతుంది. తాను లోపల, వీపు గోడకు ఆనించి, అందరిలా. ఊరుకుంటే ఆ మనిషి పోతాడు. వెతుక్కుంటూ వచ్చి ఊరికే తిరిగి పోవడం ఎలా ఉంటుందో, ఆ పోవడం ఎటు పోతుందో కూడా మేస్త్రికి తెలుసు.

గొంతు ఏమీ అనలేదు. తలకట్టు మాత్రం కనుబొమ ఎగరేసి చూస్తోంది.

ఆ మనిషి ఆగాడు.

మేస్త్రి కుర్చీలోంచి లేచాడు.

“ఎవరి కోసం బాబూ?”

ఆ మనిషి చొక్కా చివర పిండుకున్నాడు. “ఎవరి కోసమూ కాదండీ. ఊరికే.”

“అయితే ఇక్కడే. రా.”

అతన్ని ముందు పంపి, మేస్త్రి షట్టరు కింద వంగాడు. వెనక వాన పెరిగింది. గోడ పూర్తిగా తడిసి ఉంటుందనీ, ఇప్పుడు తిరిగి చూస్తే పేరంతా, మొదటి అక్షరం నుంచి చివరి దాకా, కొత్త రంగులా కనబడుతుందనీ అతనికి తెలుసు.

“తల జాగ్రత్త బావా,” అన్నారెవరో.

అతను తిరిగి చూడలేదు. తల ఇంకొంచెం వంచి, లోపలికి పోయాడు.